నల్లపెట్ట పిలుపు

అనగా అనగా, కొండ కింద జీడితోటల అంచున ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఇంట్లో ఆమె తప్ప మరో మనిషి లేదు. రెండు కోడిపెట్టలు మాత్రం ఉండేవి, ముసలి నల్లపెట్ట ఒకటి, ఒంటినిండా మచ్చలున్న పడుచు పొడలపెట్ట ఒకటి. కిందటేడు పుట్టిన పిల్లల్ని గద్ద ఒక్కటీ మిగల్చకుండా ఎత్తుకుపోయింది. ఈసారైనా పిల్లలు దక్కుతాయా అని పైడమ్మకి ఒకటే బెంగ.

నల్లపెట్ట గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంది. అప్పుడు పక్కింటి సన్యాసమ్మ వచ్చి చూసి, "ఆ ముసల్దాని కింద గుడ్లు మురిగిపోతాయి వదినా. పొడలపెట్ట కింద ఎట్టు" అంది. పైడమ్మ అలాగే చేసింది. నల్లపెట్ట పొదుగు మానాలని, ఊళ్ళో అందరూ చేసేట్టే దాని ముక్కులో ఈక గుచ్చింది. పాపం, ముక్కున ఈకతో అది వాకిలంతా గుడ్లకోసం వెతుక్కుంది. ఆ తర్వాత జీడితోటలోకి పోయి జంగపిల్లి నోట పడింది. పైడమ్మకి నాలుగు ఈకలే దొరికాయి.

గుడ్లు పిల్లలయ్యాయి. అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయనుకున్నావు! పొద్దు వాలగానే తల్లినీ పిల్లల్నీ గంప కింద మూసేది పైడమ్మ.

ఒక సాయంత్రం మూయబోతే ఒక పిల్ల తక్కువైంది. గద్ద పనే అనుకుని వాకిలి మీద పాత వల కప్పింది. మర్నాడు ఇంకోటి లేదు. జంగపిల్లేమోనని చుట్టూ ముళ్ళకంప నాటింది. ఆ తర్వాత ఇంకోటి పోయింది. ఈకా లేదు, నెత్తురుచుక్కా లేదు. ఇక పామే అయ్యుంటుందని, పాకితే జాడ పడేలా కంప లోపల పొయ్యి బూడిద చల్లింది.

సాయంత్రానికి జాడ పడింది. అది లోపలికి వచ్చిన జాడ కాదు, బయటికి పోయిన జాడ. చిన్న చిన్న కోడిపిల్ల కాళ్ళు, కంప సందులోంచి తిన్నగా తోట వైపు. ఎవరూ ఎత్తుకుపోవడం లేదు, పిల్లలే నడిచిపోతున్నాయి.

అప్పుడు తోటలోంచి వినిపించింది. కొక్, కొక్, కొక్. గింజ దొరికినప్పుడు తల్లికోడి పిల్లల్ని పిలిచే పిలుపు. పొడలపెట్ట చూస్తే ఆమె కాళ్ళ దగ్గరే ఉంది, కిక్కురుమనకుండా. ఆ గొంతు నల్లపెట్టది. పెంచిన పైడమ్మకి తెలీదూ?

గంప చంకన పెట్టుకుని తోటలోకి నడిచింది. ఆకు కదలడం లేదు. ఒక చెట్టు మొదట్లో, ఎండుటాకుల గుంటలో, పోయిన పిల్లలన్నీ ఒకదానికొకటి ఒత్తుకుని నిద్రపోతున్నాయి. గుంట చుట్టూ జంగపిల్లి అడుగులు. వచ్చాయి, తిరిగాయి, వెనక్కి పోయాయి. పిల్లల మీద ఏమీ కనబడలేదు. పైడమ్మ చెయ్యి పెట్టింది. కోడి పొట్ట కింద ఉన్నట్టు వెచ్చగా ఉంది. అంతలో టుక్కున ఏదో చేతిని పొడిచింది. నెత్తురొచ్చింది.

పైడమ్మకి భయం వేసింది. భయం కంటే ఏడుపు ఎక్కువ వచ్చింది. "నీ పిల్లలే తల్లీ. తప్పు నాదే. ఇంటికి పోదాం, రా" అంది.

గంప వెల్లకిలా పెట్టింది. పిల్లలు ఒక్కొక్కటే ఎక్కాయి. ఆ తర్వాత ఎండుటాకులు గలగలమన్నాయి, గంప ఒకవైపు ఒరిగింది. ఎత్తి చూస్తే అది పిల్లల బరువు కాదు.

ఇంటికొచ్చి పొడలపెట్ట పక్కన దించింది. పొడలపెట్ట మీదికి పోలేదు, పొడవలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది. సగం పిల్లలు దాని రెక్కల కింద దూరాయి. సగం ఆ పక్కన ఖాళీ చోట, ఏ రెక్కా కనబడని చోట, తలలు దాచుకుని పడుకున్నాయి. పైడమ్మ మెల్లగా గంప మూసింది.

కథేమో కంచికి,
పిల్లలేమో గంపకి,
నువ్వేమో నా పక్కకి.
తోటలోంచి ఎవరు పిలిచినా పలక్కు, కన్ను మూసెయ్.