ఎనిమిది పలకల గొట్టం

విరూపాక్షికి ఒకటే దిగులు. దస్తగిరి ఉస్తాద్ తుపాకుల మరమ్మతు దుకాణంలో చేరి ఆరేళ్ళయినా, ఉస్తాద్ పక్కన బల్ల దగ్గర కూర్చునే యోగం పట్టలేదు. గడప దగ్గర గోనెసంచి మీదే. ఈ దిగులు అతను ఎవరికీ చెప్పుకోలేదు. అందుకని పేటంతటికీ తెలుసు.

ఒకరోజు ఉస్తాద్ తుప్పుపట్టిన పాత తుపాకి ఒకటి చేతికిచ్చాడు. దాని గొట్టం ఎనిమిది పలకలది.

"దీన్ని బాగుచేసి చూపించు. బల్ల సంగతి అప్పుడు చూద్దాం."

నెల రోజుల పని అది. విరూపాక్షి పాలిష్ మోటారు పెట్టి మధ్యాహ్నం భోజనానికి ముందే ముగించాడు. గొట్టం ఎంత మెరిసిందంటే, దారినపోయే ఇద్దరు ఆగి తల దువ్వుకున్నారు. మూడోవాడికి జుట్టు లేక మీసంతో సరిపెట్టుకున్నాడు.

"అద్దంలా వచ్చింది కదా ఉస్తాద్!"

ఉస్తాద్ భుజం మీది తువ్వాలు తీసి శిష్యుడి కళ్ళకు కట్టాడు. అతని వేలు పట్టుకుని, గొట్టం మీద గురి చూసే మొన పక్కన పెట్టాడు.

"చుట్టూ తడిమి పలకలు లెక్కపెట్టు."

"ఒకటి... రెండు... మూడు..." అంచు తగలక వేలు జారింది. "నాలుగు..." మళ్ళీ మొనే తగిలింది.

"మిగతా నాలుగూ ఎవరు తిన్నార్రా?"

విరూపాక్షి తువ్వాలు విప్పుకున్నాడు. మోటారును అటకెక్కించాడు. చదునైన చెక్కముక్కకు ఎమరీ కాగితం చుట్టి, నూనె చుక్క వేసి, ఒక్కో పలకనూ పొడవునా రుద్దసాగాడు. పెళ్ళాం మీద కోపంతో రుద్దుతున్నాడని పక్కింటివాళ్ళు తేల్చారు. భయంతోనని ఎదురింటివాళ్ళు.

ముప్పై నాలుగో రోజున తనే కళ్ళు మూసుకుని గొట్టం తడిమాడు.

"ఎనిమిది!" అని అతను వేసిన కేకకు వీధిలో గాడిద తాడు తెంపుకుంది.

అప్పుడే అతని భార్య శివలీల బియ్యం సంచితో రుసరుసలాడుతూ వచ్చింది.

"చూడండి ఉస్తాద్! పొద్దున రేషన్ షాపులో ఈయన వేలిముద్ర ఆరుసార్లు పెట్టినా పడలేదు. ఈ మనిషి మనిషే కాదంటోంది ఆ మిషను! చివరికి ఇప్పుడు నేనే వెళ్ళి నా వేలు పెట్టి తెచ్చుకున్నా."

ఉస్తాద్ గీతలరిగి నున్నబడ్డ శిష్యుడి బొటనవేలు పట్టుకుని వెలుతురులో తిప్పి చూశాడు. గొట్టం వైపు చూడనే లేదు. తన బొటనవేలు కూడా ఆమెకు చూపించాడు.

"నాదీ ఏనాడూ పడలేదమ్మా," అంటూ బల్ల దగ్గర కాస్త పక్కకి జరిగాడు.