కప్పపిల్లల గుమ్మం

ఊఁ కొడితేనే చెబుతాను. అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇల్లు, ఆ ఇంటికో పెరడు, ఆ పెరట్లో చుట్టూ సిమెంటు పూసిన చిన్న కొలను. ఆ ఇంట్లో వకుళ అని నీ అంత పిల్ల ఉండేది. నీకన్నా కాస్త తొందరగా అన్నం తినేదిలే.

ఒకరోజు వకుళ కొలనులోకి తొంగి చూసింది. మిరియపు గింజంత తలలు, వాటికి తోకలు. నీళ్ళనిండా అవే! "చేపపిల్లలు!" అని గంతులేసింది. అప్పటినుంచి పొద్దున లేస్తే పెరట్లోనే మకాం.

కొన్నాళ్ళకి వాటికి వెనక కాళ్ళొచ్చాయి. ఆ తర్వాత ముందు కాళ్ళొచ్చాయి. ఆ తర్వాత కొన్నిటికి తోకలు కురచైపోయాయి.

"చేపలకి కాళ్ళేంటమ్మా?" అని అడిగింది వకుళ.

వాళ్ళమ్మ నవ్వింది. "చేపలు కావే పిచ్చిదానా, కప్పపిల్లలు. ఇక గట్టెక్కి వాటి దారిన అవి పోతాయి."

ఇంతలో శుక్రవారం వచ్చింది. అమ్మ ఇల్లంతా కడిగి, గుమ్మానికి పసుపు రాసి, ముగ్గు పెట్టింది. మరి నా కప్పపిల్లల ఇల్లు ఎవరు శుభ్రం చేస్తారు, అనుకుంది వకుళ. కొలనులో ఎండు కొబ్బరిమట్ట ఒకటి పడి ఉండేది, సగం నీళ్ళలో, సగం గట్టు మీద. అప్పుడు వకుళ దాన్ని ఈడ్చి అవతల పారేసింది. కొలను అద్దంలా అయిపోయింది. ఎంత సంబరమో వకుళకి!

సాయంత్రం వెళ్ళి చూస్తే ఆ సంబరం కాస్తా ఎగిరిపోయింది. కప్పపిల్లలు గోడకి ఎగబాకుతున్నాయి, జారి నీళ్ళలో పడుతున్నాయి. తోకలు పోయాక అవి ఎంతసేపని ఈదుతాయి? కాస్త ఎక్కి కూర్చుని ఊపిరి పీల్చుకోవాలి కదా. ఒకటైతే అప్పటికే వెల్లకిలా తేలుతోంది. వకుళకి ఏడుపొచ్చేసింది.

"అమ్మా, మునిగిపోతున్నాయే! తొందరగా రా!"

అమ్మ వచ్చేలోగా జల్లెడతో దేవింది. అవి బెదిరి అడుక్కి పోయాయి. ఆ తర్వాత ఇటుక వేసింది. అది బుడుంగుమని మునిగింది.

అప్పుడు అమ్మ వచ్చి చూసి, "నిన్నటిదాకా ఎలా ఎక్కాయే?" అని అడిగింది.

వకుళ మట్ట వైపు చూసింది. "నేనే తీసేశానమ్మా" అంది.

"అయితే నువ్వే పెట్టు, పద."

అప్పుడు వకుళ మట్టని ఈడ్చుకొచ్చి మళ్ళీ నీళ్ళలోకి వాల్చింది. కాసేపటికి ఒక కప్పపిల్ల ఎక్కింది. కూర్చుంది. గడ్డిలోకి గెంతింది. దాని వెనకే ఇంకోటి, దాని వెనక ఇంకోటి. వెల్లకిలా తేలింది మాత్రం లేవలేదు. దాన్ని కనకాంబరం మొక్క కింద పాతిపెట్టి, ఏడ్చినంతసేపు ఏడ్చి, వకుళ లోపలికి వచ్చింది.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. కొలనులో ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. అమ్మ చీపురు పట్టుకుని పెరట్లోకి రాగానే వకుళ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

"మట్ట జోలికి రాకు! అది వాళ్ళ గుమ్మం!"

అమ్మ నడుం మీద చెయ్యేసుకుని, "గుమ్మమైతే మరి ముగ్గేదే?" అంది.

అప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ కూర్చుని, మట్ట గట్టుకి ఆనిన చోట బియ్యప్పిండితో చిన్న ముగ్గు పెట్టారు. తెల్లారి చూస్తే ముగ్గంతా చెదిరిపోయింది. దాని నిండా ఇంతింత అడుగులు, అన్నీ గడ్డి వైపే.

కథేమో కంచికి,
కప్పేమో గట్టుకి,
నువ్వేమో పక్క మీదికి,
నేనేమో నీ పక్కకి!