తినని పూట బియ్యం

వరదకు పంటంతా కొట్టుకుపోయి లంకపాలెం జనం ఆకలితో అల్లాడుతున్నారు. వాళ్ల కష్టం అందరికీ తెలియాలని రాజు చంద్రసేనుడు నగరమంతా ఒక పూట పస్తుండాలని చాటింపు వేయించాడు. ఆ రోజు ఏ వీధిలో చూసినా డప్పులే, ఎవరి నోట విన్నా తమ పస్తు గొప్పే!

సాయంత్రం లంకపాలెం నుంచి బుట్టలల్లే సూరమ్మ పెద్ద గంపతో కోటకు వచ్చింది.

"మీరు తినని అన్నం తీసుకెళ్దామని వచ్చాను, మహారాజా!"

రాజు నవ్వాడు. "పిచ్చిదానా! ఈ పూట వంటే చేయలేదు. అన్నం ఎక్కడిది?"

"అయితే బియ్యం మిగిలే ఉంటాయి కదా, ప్రభూ!"

రాజు నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్లి, తన వాటా బియ్యం స్వయంగా తెచ్చి ఆమె గంపలో పోశాడు. ఆ సంగతి తెలిసి ఇంటింటి నుంచీ బియ్యం కదిలాయి.

మర్నాడు లంకపాలెంలో ప్రతి పొయ్యీ వెలిగింది.