శెట్టిగారి ఇంట్లో లేని పాతబట్ట

అనగనగా ఒక ఊళ్ళో, బజారు వీధి మలుపులో, పేరయ్యశెట్టిగారి బట్టలకొట్టు ఉండేదమ్మా. గుమ్మంలో అడుగు పెడితే చాలు, కొత్త బట్టల గంజివాసన కమ్మగా వచ్చేది. ఆ వాసన ఇప్పుడెక్కడిది, అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో చుట్టేస్తున్నారు.

శెట్టిగారు మంచివాడే, కానీ ఒక్క పంతం ఉండేది. అమ్ముడుపోని సరుకు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఉగాది ముందు కత్తెర తీసి పరపరా కోసేసి, పెరట్లో మంట పెట్టించేవాడు. ఒక ఏడాది చీరలు కోశాడు. ఆ తర్వాతి ఏడాది తువ్వాళ్ళు కోశాడు. ఆ పై ఏడాది పిల్లల గౌన్లు కూడా కోశాడు, చేతులెలా వచ్చాయో మరి.

అప్పుడు కొట్టు ఊడ్చే నూకాలమ్మ ఉండబట్టలేక అడిగింది. "ఎవరికన్నా ఇచ్చేయొచ్చు గదా బాబూ?"

"ఊరికే దొరికితే రేపు కొనేదెవరే?" అన్నాడు శెట్టి. "డబ్బిచ్చి కొన్నవాళ్ళు నా మొహం చూసి నవ్వరూ?"

"పోనీ, ఆ ముక్కలన్నా ఇప్పించండి."

ముక్కలేం చేసుకుంటుందిలే అని ఇచ్చాడు. ఆవిడ వాటిని అతికి బొంత కుట్టుకుంది. ఏళ్ళ తరబడి కప్పుకుని, ఉతికి, ఆరేసి, వెన్నలా మెత్తగా చేసుకుంది.

ఆ తర్వాత ఒక వానాకాలం శెట్టిగారి కూతురు పురిటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని పాతబట్ట తెమ్మంది. పుట్టిన బిడ్డని ముందు పాతబట్టలోనే చుడతాం కదా, అది మన ఆనవాయితీ, ఒంటికీ మెత్తగా ఉంటుంది. బీరువా వెతికారు, అన్నీ కొత్తవే. పెట్టెలు వెతికారు, అవీ కొత్తవే. కొట్టు సంగతి సరేసరి. బట్టల షావుకారి ఇంట్లో పాతవి కనబడితే నామోషీ అని ఆయన ఇంట్లోవి కూడా కాల్పించేవాడు మరి. గంజిచీరలో చుడితే పిల్ల ఒరుసుకుని గుక్కపట్టి ఏడ్చింది.

పాతబట్ట దొరికితే నూకాలమ్మ ఇంట్లోనే దొరకాలి అనిపించింది శెట్టికి. అప్పుడు వానలో తనే పోయి ఆవిడ గుమ్మంలో నిలబడి సంగతి చెప్పాడు. నూకాలమ్మ తను కప్పుకున్న బొంత తీసి చేతిలో పెట్టింది.

"ఏమిమ్మంటావు?" అన్నాడాయన.

"ఊరికే తీస్కెళ్ళండి బాబూ. కప్పుకోడానికే గదా బట్ట."

పిల్ల అందులో వెచ్చగా నిద్రపోయింది. అప్పుడు శెట్టి దగ్గరికొచ్చి చూశాడు. ప్రతి ముక్కా తను కోసిందే. ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ ఉగాదికి కత్తెర తీయలేదు. మిగిలిన సరుకంతా పేరంటానికి పిలిచినట్టు పిలిచి పంచాడు. మరి కొనేవాళ్ళు తగ్గారా అంటావా? ఎందుకు తగ్గుతారే, పండక్కీ పెళ్ళికీ అందరూ కొత్తవి కొనుక్కోడానికి వస్తూనే ఉన్నారు.

ఆ పిల్ల ఎవరా? నేనేనే. నీ కాళ్ళ దగ్గర నీలం తామరపువ్వు ముక్క ఉంది చూడు, అది మా తాత కోసిందే. సరిగ్గా కప్పుకో.

కథేమో కంచికి,
బొంతేమో మంచానికి,
నిద్దరేమో నీ కంటికి.