పెరటి కొలని బంగారు చేపల అప్పగింత వ్రత కథ

శ్రీ కొలనుగౌరీదేవ్యై నమః. ఇంటిల్లిపాదియు అక్షతలు చేతబట్టుకొని, దీపమునకు కొంచెము ఎడముగా, చంటిపిల్లలను ఒడిలో గట్టిగా పట్టుకొని కూర్చుండి ఈ కథను వినవలెను.

పూర్వము పినాకినీ తీరమున తపస్సు చేసికొనుచున్న సుతపుడను ముని, తన ఆశ్రమమునకు వచ్చిన వేదశీల మహర్షికి అర్ఘ్యపాద్యములిచ్చి, చేతులు జోడించి యిట్లడిగెను. "స్వామీ, పెద్దలు ముద్దుగా పెంచి విడిచిపోయిన మూగప్రాణులు కొందరి యిండ్లకు సంక్రమించుచున్నవి. ఉంచుకొందమన్న భయము, పంపివేయుదమన్న పాపము. ఈ రెంటి నడుమ నలుగుచున్న ఇల్లాండ్రకు మార్గమేదైన నున్నదా?" వేదశీలుడు సంతోషించి, లోకమునకు పనికివచ్చు ప్రశ్న యడిగితివని మెచ్చుకొని, కొలనుగౌరి అప్పగింతల వ్రతమును, దానిని మొదట ఆచరించిన కుందమ్మ కథను చెప్పసాగెను.

కలువగుంట యను పట్టణమున కామిశెట్టి యను బట్టల వర్తకుడుండెను. ఆయనకు పెరటి కొలనిలోని చేపలనిన పంచప్రాణములు. ఓడ వర్తకుడొకడు చీనా దేశమునుండి తెచ్చియిచ్చిన జత సంతతి పెరిగి పెరిగి, ఆ కొలనంతయు ఎరుపు, తెలుపు, బంగారు వన్నెలతో మెరయుచుండెను. వానిలో పెద్దదానికి ఎడమకన్ను లేదు. దానిని ఆయన పెద్దమ్మి యని పిలిచి, కుడివైపుననే మేత వేయుచుండెను. కాలవశమున ఆయన మంచము పట్టి, కొడుకు సాంబయ్యను, కోడలు కుందమ్మను దగ్గరకు పిలిచి, చేపలు భద్రమని చెప్పి కన్నుమూసెను.

అప్పటికి కుందమ్మ బిడ్డ అలివేలు పాకుచుండెను. ఆ పాకుట మొదలు తల్లికి కంటిమీద కునుకు లేదు. బిడ్డ కాళ్ళకు గజ్జెలు కట్టెను. గజ్జెలు మ్రోగిన కొలనివైపు పోవుచున్నదని పరుగెత్తును. మ్రోగకున్న పడనే పడినదని పరుగెత్తును. కొలని చుట్టు ముళ్ళకంప వేయించెను. అది బిడ్డ కంట గ్రుచ్చుకొనునని మరల తీయించెను. తుదకు కొలను పూడ్పింపవలెనని భర్తతో చెప్పుచుండగా, అత్తగారైన పేరమ్మ చెవినబడెను.

"ఆయన చేపలమీద మట్టి పోయిస్తావుటే? ముందు నన్ను పూడ్చి, ఆ తరవాత ఆ పని చెయ్యి" అని ఆమె గద్దించెను.

"మట్టి కొలనికి అత్తయ్యా, చేపలకి కాదు. వాటికెక్కడన్నా మంచి చోటు చూస్తాను" అని కుందమ్మ కన్నీరు పెట్టుకొనెను. చేపలకు వేరొక చోటు దొరకినగాని కొలను పూడదు. కొలను పూడినగాని బిడ్డకు గండము తీరదు.

ఆ వీథిలో గవరయ్య యను ధనవంతుడు కొత్తగా తామరతొట్టి కట్టించుకొని, రంగుచేపలు కావలెననెను. కుందమ్మ ఆ తొట్టిని కన్నెత్తియైన చూడక సరేయనెను. పురోహితుడు ముహూర్తము పెట్టెను. పోయినవారి చేపలు పాచినీటితో, మైలతో ఒకరి గడప తొక్కరాదని పేరమ్మ చెప్పగా, కుందమ్మ నూతి చన్నీరు తోడి, అందులో పసుపు కలిపి, సగము చేపలను శుద్ధిగా కడిగి, వెండి బిందెతో కొనిపోయి, ముహూర్తవేళకు సన్నాయి మ్రోగుచుండగా తొట్టిలో కుమ్మరించెను. సాయంకాలమునకు అన్నియు వెల్లకిల తేలెను. గవరయ్య భార్య పనిమనిషిని పంపి, "మీ ఇంటి కీడంతా తెచ్చి మా తొట్టిలో పోసిపోయారా?" అని అడిగించెను. అది మొదలు సాంబయ్య కొట్టునకు బేరము తగ్గెను. అలివేలు అన్నము ముట్టదాయెను.

ఇక నెవ్వరికిచ్చినను మాటపడవలసివచ్చునని తలచి, కుందమ్మ మిగిలినవానిలో చాలవరకు కడవలకెత్తించి ఏటికి కొనిపోయి, నీ బిడ్డలను నీవే కాచుకొమ్మని గంగమ్మకు మ్రొక్కి విడిచెను. కామిశెట్టి పెంపకమున ఆ చేపలు భయమెరుగవు. నీటిపై నీడ పడిన మేత వచ్చినదని నోరు తెరచి పైకి వచ్చుట వాని అలవాటు. కొంగ నీడ పడెను. అవి అట్లే నోరు తెరచి పైకి వచ్చెను. కుందమ్మ అరచుచు నీటిలోనికి పరుగెత్తెను. ఆమె నీడను చూచి మిగిలినవియు పైకి వచ్చెను. కొంగలు మరికొన్ని దిగెను. ఆమె తడిచీరతో ఇల్లు చేరునప్పటికి కొట్టుకప్పు కురిసి బట్టలమూటలు తడిసియుండెను. బిడ్డ ఒళ్ళు కాలుచుండెను.

కొలనిలో పెద్దమ్మియు, మరికొన్ని చిన్నవియు మాత్రమే మిగిలెను. కుందమ్మ బిడ్డను భుజమున వేసికొని గుమ్మమున కూర్చుండియుండగా, కొలనుగౌరీదేవి జాలిపడి, పండుముత్తైదువ రూపమున వచ్చి దాహమడిగెను. కుందమ్మ మజ్జిగ తెచ్చి యిచ్చెను. ఆమె త్రాగి, బిడ్డ నుదుట చేయివేసి చూచి, జరిగినదంతయు అడిగి తెలిసికొని నవ్వెను.

"అయితే అమ్మాయీ, నువ్వు కాపురానికొచ్చిన రోజున మీ అత్త నీకు పుట్టింటి మైల పోవాలని నూతిలో ముంచి తీసిందా?"

"లేదమ్మా."

"పోనీ, మీ అమ్మ నిన్ను ఏటి ఒడ్డున దింపేసి, ఇహ నీ బతుకు నువ్వు బతకమందా?"

"అయ్యో, మా అమ్మ అప్పగింతలు పెట్టి పంపిందమ్మా. మా పిల్లకి చింతపండు పడదు, ఉరిమితే జడుసుకుంటుంది, కాస్త కనిపెట్టి ఉండండని మా అత్తగారి చేతిలో చెయ్యేసి చెప్పింది."

"ఇప్పటికీ జడుసుకుంటుంది" అని లోపలినుండి పేరమ్మ అనెను.

"మరి నోరులేని వీటికి అప్పగింతలు ఎవరు పెడతారే తల్లీ?" అని ఆ ముత్తైదువ వ్రతవిధానమును చెప్పెను. అడిగినవారికెల్ల చేపలనీయరాదు. ఇచ్చువారు తామే పోయి అచటి నీటిని చూడవలెను. కొంగ ఎచట వాలును, పిల్లి ఎటు వచ్చును, ఎండ ఎంతసేపుండును, పసిబిడ్డలు మసలు చోటా యని అడుగవలెను. ఉన్న లోపమును దాచరాదు. శుక్రవారమునాడు ఇంట కొలనుగౌరిని ఆవాహనము చేసి, పుట్టినింటి నీటితోనే చేపలను కడవలో కొనిపోయి, ఆ కడవను కొత్తనీటిలో చేతపట్టి తేల్చి, రెండు నీళ్ళును ఒకే చలువకు వచ్చువరకు కథ చెప్పుకొనవలెను. పిదప కొత్తనీటిని దోసెడు దోసెడుగా కడవలో కలిపి, అవి తమంత తామే వెడలునట్లు మెల్లగా వంచవలెను. తీసికొనువారి చేతిలో చేయివేసి, ఒక్కొక్కదాని గుణము చెప్పి అప్పగింపవలెను. "నీ భయం ఊరికే పోనీయకు. ఈ పనిలో పెట్టు" అని చెప్పి ఆ తల్లి వీథి మలుపున కనుమరుగయ్యెను. వచ్చినది కొలనుగౌరీదేవియేయని కుందమ్మ గ్రహించి చేతులు జోడించెను.

కుందమ్మ ఊరెల్ల తిరిగెను. ఒకచోట పిల్లి తొట్టిగట్టుననే నిద్రించుచుండెను. ఒకచోట బట్టలుదికిన నీరు కొలనిలోనికే పారుచుండెను. తుదకు ఊరిచివర మల్లెతోట పెంచు వెంకాయి యను వృద్ధురాలి యింట, గుమ్మడిపందిరి నీడను రాతితొట్టి కనబడెను.

"నాకు రంగులెందుకమ్మా, దోమపిల్లల్ని తింటే చాలు" అని వెంకాయి అనెను.

కుందమ్మ అడుగసాగెను. వేసవిలో నూయి ఇంకిన నేమి చేయుదువు? పందిరి కూలిన? గుమ్మడికాయ తెగి నీటిలో పడిన? నీకు జబ్బుచేసిన మేత వేయువారెవరు?

"నువ్వు చేపలివ్వడానికొచ్చావా, నాకు జడుపు పుట్టించడానికొచ్చావా? నాకేమన్నా అయితే మా కోడలుంది. దానికి కూడా నీలాగే నిద్రపట్టదు" అని వెంకాయి విసుగుకొనెను.

పెద్దమ్మి మాట వచ్చునప్పటికి కుందమ్మ తటపటాయించెను. చెప్పిన వద్దనునేమో. చెప్పకున్న అది ఆకలితో చచ్చును. ఊరిలో మరియొక చోటు లేదు. అయినను దేవి మాట తలచుకొని చెప్పెను.

"పెద్దదానికి ఎడమకన్ను లేదు పిన్నీ. కుడివైపు వెయ్యకపోతే మేత కనపడదు. ముసలిది కూడాను. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను."

వెంకాయి తన కుడికన్ను నులుముకొనెను. పిదప, "నాకు కుడికంట శుక్లం. మా ఇద్దరికీ కలిపి ఓ జత కళ్ళున్నాయిగా, తీసుకురా" అనెను.

శుక్రవారమునాడు కుందమ్మ దేవిని ఆవాహనము చేసి, పుట్టినింటి నీటితో కడవ నింపి, చేపలను కొనిపోయి, విధిప్రకారము తేల్చెను. వెంట వచ్చిన పేరమ్మ వెంకాయి చేతిలో తన చేయివేసి, "ఆయన మేతవేసేముందు నీళ్ళమీద వేలితో కొట్టేవారమ్మా. ఆ చప్పుడికొస్తుంది" అని చెప్పి, కొంగు నోటికడ్డము పెట్టుకొనెను. చిన్నవి జలజల వెడలినవి. పెద్దమ్మి చివర వెడలి తొట్టి అడుగున దాగెను.

మరునాడు కూడ అది మేత ముట్టలేదని తెలిసి కుందమ్మ ముద్ద మింగలేకపోయెను. చచ్చియుండునని, చెప్పలేక ఊరకున్నారని తలపోయుచుండగా, వెంకాయి మల్లెలబుట్టతో తానే వచ్చెను. "తింది మీ పెద్దమ్మి! వేలితో కొట్టాను, వచ్చింది. నా వేలు కూడా మేతే అనుకుంది" అని వేలు చూపెను. కుందమ్మ ఆ మాట విని, విస్తరి వేసికొని కూర్చుండి అన్నము కలిపెను. ఆ ముద్దకు అలివేలు నోరు తెరచెను. తెల్లవారునప్పటికి జ్వరము జారెను.

కొలను పూడెను. బిడ్డ ఆ మట్టిపై తప్పటడుగులు వేసెను. కొట్టునకు బేరము మరలివచ్చెను. గవరయ్య భార్య ఇది విని, వెంకాయి తొట్టిలో పుట్టిన పిల్లలను కోరి, విధిప్రకారము అప్పగింతలు పెట్టించుకొని తీసికొనిపోగా అవి చక్కగా బ్రదికెను. ఇండ్ల నడుమ పలుకులు కలిసెను.

కుందమ్మ భయము పోయెనా యని సుతపుడడిగెను. పోలేదు, ఆ మట్టిలో గండుచీమలుండునేమో యని ఆమె చీపురు చేతబట్టుకొని బిడ్డ వెంట తిరుగుచుండెనని వేదశీలుడు చెప్పెను.

పెద్దల చేపలు, చిలుకలు, పాడియావులు సంక్రమించి ఉంచుకొనలేనివారును, ఇల్లు మారువారును, కూతును కాపురమునకు పంపుచున్న తల్లులును ఈ వ్రతమాచరింపవలెను. ఆచరించినవారి యింట పిల్లలకు నీటిగండము లేదు, తిన్నది ఒంటబట్టును, పోయినవారి మనసు చల్లబడును. భక్తితో విన్నవారికిని అంతే ఫలము. అయితే నీరు మారిన ప్రాణి మేత ముట్టినదని కబురు రానిదే దేవికి ఉద్వాసన చెప్పరాదు. ఆ కబురు వచ్చిన పిమ్మట ఉద్వాసన చెప్పి, అందరికి వడ్డించి, ఆ యిల్లాలు తానును కూర్చుండి కడుపార అన్నము తినవలెను.