గంగమ్మకు చూపించిన ఫోను

కాళ్ళు ఆడించకు బుజ్జులూ. దుప్పటి కప్పుకో. ఊఁ కొడుతూ విను.

అనగనగా, ఉప్పుగాలికి తలుపు గొళ్ళాలు కూడా తుప్పు పట్టే ఒక ఊళ్ళో, ఎర్రయమ్మ అని ఒకావిడ ఉండేది. సముద్రం ఒడ్డునే ఇల్లు. ఆ ఊళ్ళో మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు తట్టల్లో చేపలెత్తుకుని పక్క ఊళ్ళల్లో అమ్ముకొస్తారు. ఎర్రయమ్మ ఇంట్లో రెండు మాటలు మాట్లాడితే ఎక్కువ. కానీ తట్ట నెత్తిన పెట్టుకుని కేక వేసిందంటే, మూడో వీధిలో పిల్లి లేచి కూర్చునేది.

ఆవిడకు ఒక్కడే కొడుకు. పేరు ఎల్లాజీ. మొగుడు గురువులుకి మోకాలు దెబ్బతింది. వేట మానేసి, రేవు పక్క పాకలో కూర్చుని వలలు బాగుచేసేవాడు. అంచేత పడవ మీద కొడుకే పోయేవాడు. తోడుగా వాడి బావ కొర్లయ్య.

ఆ రేవుకి దక్షిణాన నల్లరాళ్ళు ఉన్నాయి. నీళ్ళ కిందే ఉంటాయి, కంటికి కనబడవు. కొండ మీది లైట్‌హౌసు గుర్తు పెట్టుకుని, పడవని పక్కకు తిప్పుకుని రావాలి. గుర్తు తప్పితే రాళ్ళ మీదికే. ఎర్రయమ్మ తమ్ముడు అలాగే పోయాడు.

అందుకని, కొడుకు పడవెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఆవిడ కాలు ఒకచోట నిలిచేది కాదు. పొయ్యి దగ్గరికి పోయేది. గట్టు మీదికి పోయేది. మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చేది. అన్నం ఎన్నిసార్లు మాడిందో ఆ పొయ్యికే తెలుసు.

అప్పుడు ఒకనాడు ఎల్లాజీ పట్నం వెళ్ళి కొత్త ఫోను తెచ్చాడు. ఆ కంపెనీ ఆ ఏడు చేసినవాటిలో అదే గొప్పదిట. పాత ఫోను షాపులోనే మార్పిడికి ఇచ్చేశాడు.

"లోపలి సామాను చాలా గట్టిదమ్మా," అన్నాడు. "షాపాయన మూడు మాటలు చెప్పాడు. ఒకటి, నీళ్ళలో అరగంట మునిగినా చావదు. రెండు, దీని కన్ను సముద్రం మధ్యనుంచి ఒడ్డుని చూస్తుంది. మూడు, ఒక్కసారి ఛార్జింగు పెడితే రెండు రోజులు. మంచు పట్టినా, లైట్‌హౌసు కనబడకపోయినా, దీంట్లో దారి కనబడుతుంది. ఇంక నువ్వు గట్టు మీద కాపలా కాయక్కర్లేదు."

ఎర్రయమ్మ ఫోనుని అటూ ఇటూ తిప్పి చూసింది. అద్దంలా మెరుస్తోంది. జారిపోయేలా ఉంది.

"అంతుంటుందా?" అంది. అంతే.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొత్త వలైనా, కొత్త తెడ్డైనా, కొత్త ఇంజనైనా, వేటకు పోయేముందు గంగమ్మకు చూపించాలి. పసుపు రాసి, బొట్టు పెట్టి, కెరటంలో మూడుసార్లు తడిపి తీయాలి. చూపించనిది సముద్రం మీదికి పోకూడదు. మరి ఫోను కూడా వేటకు పోతోంది కదా?

"ముంచమ్మా, ముంచు," అని ఎల్లాజీయే నవ్వాడు. "అరగంట ఉంటుందన్నాడుగా. ఊరందరూ చూడనీ."

అప్పుడు ఎర్రయమ్మ పసుపు ముద్ద చేసి, ఫోను చుట్టూ అంచులకు దట్టంగా రాసింది. అడుగున చిన్న కన్నం ఉంటే అక్కడా మెత్తింది. బొట్టు పెట్టింది. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, ఒకసారి ముంచింది, రెండుసార్లు ముంచింది, మూడుసార్లు ముంచింది. పైకి తీస్తే ఫోను వెలుగుతూనే ఉంది. గట్టు మీద ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మొదటి మాట నిజమే!

ఆ తర్వాత ఎల్లాజీ వేటకు పోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి తల్లికి ఒక బొమ్మ చూపించాడు. గట్టు మీద ఒక మనిషి. ఎర్రచీర. చెంగు నోట్లో పెట్టుకుని నములుతోంది.

"ఎవరమ్మా ఇది?"

"తాటి మొద్దు," అంది ఎర్రయమ్మ.

"తాటి మొద్దు చీర కట్టుకుందా అత్తా?" అన్నాడు కొర్లయ్య.

ఆవిడ తట్టెత్తుకుని వెళ్ళిపోయింది. రెండో మాట కూడా నిజమే మరి.

ఆ సాయంత్రం ఎల్లాజీ, "అమ్మా, ఛార్జింగు పెట్టు," అని చెప్పి పడుకున్నాడు. తెల్లారకముందే లేవాలి కదా. ఎర్రయమ్మ తీగ గుచ్చింది. అద్దం మీద చిన్న నీటిచుక్క బొమ్మ వచ్చింది. కిందేదో రాసుంది. ఆవిడకు చదువు రాదు. చుక్కని చూసింది. గంగమ్మే వచ్చి కూర్చుంది అనుకుంది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడం ఆవిడకు ఎప్పుడు అలవాటు గనక?

రెండోనాడు ఎల్లాజీ వచ్చి, "చూశావా, ఇంకా సగముంది," అన్నాడు. సాయంత్రం ఎర్రయమ్మ మళ్ళీ తీగ గుచ్చింది. మళ్ళీ చుక్క వచ్చింది. ఈసారి దణ్ణం పెట్టిందిగానీ, మనసులో ఏదో గీరింది. గంగమ్మ రోజూ వస్తుందా? మొగుణ్ణి అడుగుదామనుకుంది. అతను నిద్దరపోతున్నాడు. ఊరుకుంది.

మూడోనాడు తెల్లారగట్ల ఎల్లాజీ ఫోను చూసి, "తీగ సరిగ్గా అంటలేదేమోనమ్మా. పోనీలే, మధ్యాహ్నందాకా వస్తుంది," అని పడవెక్కేశాడు.

అప్పుడు పొద్దు పొడిచింది. పొద్దుతోపాటే మంచు వచ్చింది. మామూలు మంచు కాదు బుజ్జులూ, పాలు ఒలకబోసినట్టు. లైట్‌హౌసు పోయింది. కొండ పోయింది. తన చెయ్యి తనకే కనబడడంలేదు. ఎర్రయమ్మ పొయ్యి మీద ఎసరు దించేసి గట్టు మీదికి పరిగెత్తింది.

పడవలు ఒక్కొక్కటే వచ్చాయి. ఒకటొచ్చింది, ఎల్లాజీది కాదు. ఇంకొకటొచ్చింది, ఎల్లాజీది కాదు. మరొకటొచ్చింది, అదీ కాదు.

"నీకేటే ఎర్రయమ్మా," అన్నారు దిగినవాళ్ళు. "నీ కొడుకు దగ్గర అంత ఫోనుంటే! ఏమీ లేని మేమే తడుముకుంటూ వచ్చేశాం."

ఎర్రయమ్మ కొంగుకి ముడి వేసింది. విప్పింది. మళ్ళీ వేసింది. కళ్ళ ముందు ఆ చుక్కే కదులుతోంది. తట్టుకోలేక మొగుడున్న పాకలోకి పోయింది.

"ఫోనులో చుక్క బొమ్మ వచ్చింది," అంది.

"ఎప్పుడు?"

"మొన్న. నిన్న."

గురువులు చేతిలో వల అల్లే సూది ఆగిపోయింది. "నీళ్ళు చేరాయని చెప్తోందే అది! తడారేదాకా ఛార్జింగు ఎక్కదని! వాడికి చెప్పలేదేటే?"

"గంగమ్మ అనుకున్నాను."

అతను వల పక్కన పడేశాడు. లేచి కర్ర అందుకుని, "ఇంటికెళ్ళి నీ ఫోను తే," అన్నాడు.

అప్పుడు ఎర్రయమ్మ పరిగెత్తింది. ఆవిడ బొత్తాల ఫోను బియ్యం డబ్బా మీద ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. కొడుకు నాలుగుసార్లు చేశాడు. నాలుగుసార్లూ అది ఖాళీ ఇంట్లో మోగింది. ఆవిడేమో ఆ కొడుకు కోసమే గట్టు మీద నిలబడి ఉంది. తిరిగి చేసింది. స్విచ్ ఆఫ్ అని ఎవరో ఆడమనిషి చల్లగా చెప్పింది.

పసుపు ముద్ద తన చేత్తోనే మెత్తింది. తన చేత్తోనే ముంచింది. చుక్కని తన కళ్ళతోనే చూసింది.

మళ్ళీ గట్టు మీదికి వచ్చింది. దక్షిణం వైపు, నల్లరాళ్ళ వైపు, మంచులో ఎక్కడో ఇంజను చప్పుడు సన్నగా వినిపించి ఆగింది. మళ్ళీ వినిపించింది. తిరుగుతున్నారు. దారి తెలియక అక్కడక్కడే తిరుగుతున్నారు.

"పిలువే! నీ గొంతే దూరం పోతుంది," అన్నాడు గురువులు.

నోరు తెరిచింది. "ఎల్..." అంది. పేరు రాలేదు. ఇంకోసారి తెరిచింది. ఊపిరే వచ్చింది. మూడోసారి అదీ రాలేదు.

గురువులు అటూ ఇటూ చూశాడు. ఎవరిదో ఖాళీ చేపల తట్ట బోర్లించి ఉంది. కర్ర పడేసి, కుంటుకుంటూ పోయి, దాన్ని తెచ్చి ఆవిడ నెత్తిన పెట్టాడు.

"పేరు రాకపోతే పోనీ," అన్నాడు. "చేపలమ్ము."

తట్ట నెత్తిన పడేసరికి ఎర్రయమ్మ నడుం దానంతటదే నిటారుగా లేచింది. ఇరవై ఏళ్ళ అలవాటు కదా! గొంతు తెరుచుకుంది.

"కవళ్ళమ్మా కవళ్ళూ... వంజరమమ్మా వంజరం... కానాగంతలోయ్!"

మంచుని చీల్చుకుంటూ పోయింది ఆ కేక. సముద్రం మీద ఇంజను ఆగింది. వింటున్నారు. ఆవిడ మళ్ళీ కేకేసింది. కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, కేక మాత్రం వణకలేదు. అప్పుడు ఇంజను మొదలైంది. చప్పుడు దక్షిణాన్నుంచి పక్కకు జరిగింది. రాళ్ళకు దూరంగా జరిగింది. ఆవిడ ఆపలేదు. గొంతు బొంగురుపోయేదాకా, ఖాళీ తట్టలోంచి లేని చేపలన్నీ అమ్మింది.

ఆ తర్వాత మంచులోంచి కొర్లయ్య గొంతు వినిపించింది.

"అత్తా! మాకో కిలో కవళ్ళు పెట్టు!"

పడవ ముక్కు కనబడింది. ఎల్లాజీ మోకాలి లోతు నీళ్ళలోకి దూకి వచ్చాడు. ఎర్రయమ్మ వాణ్ణి కావలించుకోలేదు. తట్ట దించి వాడి భుజం తడిమింది, రెండో భుజం తడిమింది. అక్కడే ఇసకలో కూలబడింది.

"నా వల్లే," అంది.

"మంచి ఫోనే బావా ఇది," అన్నాడు కొర్లయ్య, ఆవిణ్ణి నవ్విద్దామని. "రెండు రోజులన్నాడు షాపోడు. రెండు రోజులే ఇచ్చింది. గంట ఎక్కువివ్వలేదు, గంట తక్కువివ్వలేదు."

ఆ తర్వాత షాపాయన్ని అడిగితే ఏమన్నాడో తెలుసా? "నేను నీళ్ళన్నానుగానీ ఉప్పునీళ్ళన్నానా? పసుపన్నానా?" అన్నాడు. గురువులు ఫోను ఆపే ఉంచి, కన్నంలో గట్టిపడ్డ పసుపుని కోడి ఈకతో, మంచినీళ్ళతో మెల్లగా కడిగాడు. మూడు రోజులు నీడలో ఆరబెట్టాడు. నాలుగోనాడు ఎర్రయమ్మే తీగ గుచ్చింది. కళ్ళు మూసుకుంది. తెరిచింది. చుక్క లేదు. మెరుపు బొమ్మ వచ్చింది.

"ఎక్కుతోంది," అని ఇంటిల్లిపాదికీ చెప్పింది. ఆ ఇంట్లో అడక్కుండా ఆవిడ చెప్పిన మొదటి మాట అదే.

అప్పుడు ఎల్లాజీ మళ్ళీ వేటకు పోయాడు. ఎర్రయమ్మ బొత్తాల ఫోనుని రొంటిన దోపుకుంది. పొయ్యి దగ్గరికి పోయింది. గట్టు మీదికి పోయింది. ఈసారి ఫోను కూడా ఆవిడతోపాటే తిరిగింది. పొద్దెక్కాక అది మోగింది.

"అమ్మా, వినబడతందా?"

"ఊఁ."

"ఏటి చేస్తన్నావు?"

"వంట," అంది ఎర్రయమ్మ.

అవతల ఎల్లాజీ ఫోను కన్నుని గట్టు వైపు తిప్పాడు. తర్వాత నవ్వు వినిపించింది.

"చెంగు నోట్లోంచి తియ్యమ్మా. కనిపిస్తన్నావు."

ఎర్రయమ్మ గబుక్కున వలల కుప్ప వెనక్కి జరిగింది. ఫోను మాత్రం చెవి దగ్గర్నుంచి తియ్యలేదు.

కెరటమొచ్చి ఒడ్డెక్కె,
పడవ వచ్చి రేవెక్కె,
కథేమో కంచి బండెక్కె,
కన్నేమో నిద్దర మంచమెక్కె.