పూసల నాంచారి కట్టిన దీపాల గుత్తి

వెనకటికి, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఊగుతున్న రోజుల్లో, ఒక కాలవగట్టు ఊళ్లో నాంచారి అనే ముసలమ్మ ఉండేది. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా పూసలమ్మేది. ఆమెకున్నదల్లా తల్లీ తండ్రీ లేని మనవరాలు తాయారు.

తాయారుకు పెళ్లి కుదిరింది. ఒకరోజు ఆ పిల్ల దివాణంలో పూసలమ్మి వచ్చి, "అమ్మమ్మా, అక్కడ పైకప్పు నుంచి గాజు దీపాల గుత్తి వేలాడుతోందే! నా పెళ్లి పందిట్లో అలాంటిది ఉంటే ఎంత బావుంటుందో!" అంది.

మర్నాడే నాంచారి దివాణం కిటికీ దగ్గర నిలబడింది. ఏది దేన్ని పట్టుకుని ఉందో, వెలుగు ఎక్కడ పడి ఎటు చెదురుతోందో చూసింది. ఇంటికొచ్చి, "గుచ్చి చూద్దాం, ఏమవుతుందో" అంది.

మూడు పాత జల్లెడలు తెచ్చి, చట్రాలు మాత్రం ఉంచుకుంది. పెద్దది పైన, నడిమిది దాని కింద, చిన్నది అట్టడుగున. ఎందుకలాగంటే, అప్పుడే పూసల వరసలు తామరమొగ్గలా లోపలికి ఒదుగుతాయి.

ముందు గంపలోని పూసలే ఒక వరస నూలు దారంతో గుచ్చింది. బరువుకు పుటుక్కున తెగింది. "మళ్లీ గుచ్చి చూద్దాం, ఏమవుతుందో." కొబ్బరి పీచుతో గుచ్చింది. పూస బెజ్జంలో పట్టలేదు. "మళ్లీ గుచ్చి చూద్దాం, ఏమవుతుందో." జట్కావాణ్ణి బతిమాలి గుర్రపు తోక వెంట్రుకలు తెచ్చింది. అవి తెగలేదు, ఇరుక్కోలేదు.

మరి పూసలో? గంపలోవి వాడేస్తే రేపు అమ్మేదేమిటి? ఆ ఊళ్లో ఆడమనిషి పోతే ఆమె పూసలు ఇంకెవరూ మెడలో వేసుకోరు. పారెయ్యడానికి మనసొప్పక గూట్లో దాచేస్తారు. నాంచారి ఇంటింటికీ వెళ్లి అవి అడిగింది.

"చచ్చినోళ్ల పూసలు పెళ్లికా? నీకు మతి పోయిందే నాంచారీ!" అన్నాడు ఒక ఇంటి పెద్ద.

"మెడలో వెయ్యొద్దన్నారు గానీ, కళ్లతో చూడొద్దని ఎవరూ అనలేదుగా అయ్యా!"

ఒకరు నవ్వి ఇచ్చారు. ఒకరు ఏడ్చి ఇచ్చారు. ఒకరు గోడ మీంచి విసిరి ఇచ్చారు.

పెళ్లినాడు పొద్దు వాలాక గుత్తి నడుమ ప్రమిద వెలిగించారు. పందిరంతా ఎర్రటి, పచ్చటి, నీలపు చుక్కలు! మగపెళ్లివారు నోళ్లు తెరిచి చూశారు. ఇంతలో అవి ఎవరి పూసలో ఎవరో చెవిలో ఊదారు. పెళ్లికొడుకు మేనమామ చాప మీంచి దిగ్గున లేచాడు.

"శవాల పూసల కిందా మా పిల్లాడు కూర్చునేది? లేవండ్రా, బళ్లు కట్టండి!"

తాయారు చెయ్యి పట్టుకుని నాంచారి మనసులో తననే తిట్టుకుంది. గుచ్చకపోతే ఏం పోయేది?

మేనమామ తల్లి వెంకాయమ్మ మాత్రం కదల్లేదు. కళ్లు చికిలించి గుత్తినే చూస్తోంది.

"ఆ పెచ్చు లేచిన నీలం పూస ఎవరిది?"

"చివరి వీధి సుబ్బాయమ్మదండి. పోయి చాలా ఏళ్లయింది" అంది నాంచారి.

"అది నా చెల్లెలే! ఈ ఊరి కోడలు. చిన్నప్పుడు ఆ పూస గట్టిదో కాదో చూద్దామని నేనే కొరికాను. దాని పెచ్చూ ఊడింది, నా పన్నూ ఊడింది." ముసలావిడ కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, నా మనవడి పెళ్లికి నా చెల్లెలు ముందే వచ్చి కూర్చుంది. నువ్వు పోతే పో. నేను దాని కిందే కూర్చుంటా."

మేనమామ ఏదో నసిగి, చాప దులుపుకుని మళ్లీ కూర్చున్నాడు. తాయారు మెడలో తాళి పడింది.

ఆ తరవాత ప్రతి పెళ్లికీ ఊరివాళ్లే తమ ఇంట్లో పోయినవాళ్ల పూసలు తెచ్చి గుచ్చమన్నారు. నాంచారి పోయాక ఆమె పూస కూడా గుచ్చాలని ఇల్లంతా వెతికారు. దొరికినవన్నీ అమ్మకానివే. అంతకాలం పూసలమ్మిన మనిషి తనకంటూ ఒక్కటి ఉంచుకోలేదు. ఏం చెయ్యాలో తోచక తాయారు పూసల్లేని గుర్రపు వెంట్రుక ఒకటి గుత్తికి ఉత్తినే వేలాడదీసింది.

ఇప్పటికీ ఆ కాలవగట్టు ఊళ్లలో పెళ్లికి దీపాల గుత్తి కడితే ఒక వరస బోసిగా వదిలేస్తారు. "ఇదేంటి, గుచ్చడం మరిచిపోయారా?" అని పిల్లలెవరైనా అడిగితే, "అది నాంచారమ్మదర్రా. లాగకండి, ఊగనివ్వండి" అంటారు పెద్దవాళ్లు.